జ్వరం తగ్గిన నాలుగో రోజు తమ్ముడి ఐసీడీ ఒక్క రాత్రిలో 4 సార్లు షాక్ ఇచ్చింది. గుండె కండరం జబ్బున్న ఇళ్లవాళ్లు చదవండి

నర్సంపేట అక్క
మంగళవారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఇది రాయాలని పది రోజులుగా అనుకుంటున్నాను, చేతులు రాలేదు. ఇప్పుడు తమ్ముడు ఇంటికొచ్చి పక్క గదిలో నిద్రపోతున్నాడు. అందుకే రాయగలుగుతున్నాను.

వాడికి 34 ఏళ్లు. మూడేళ్ల కింద మెట్లెక్కితే దమ్ము వస్తోందని చూపిస్తే డైలేటెడ్ కార్డియోమయోపతి అన్నారు. గుండె ఎడమ గది సాగిపోయి, పిండే బలం తగ్గిపోయిందన్నమాట. ఆ బలాన్ని శాతంలో చెప్పే ఈఎఫ్ మామూలుగా 55 పైన ఉండాలి, వాడికి 28 ఉంది. మూడు నెలలు మందులు సరిగ్గా వాడినా 35 దాటలేదు. హఠాత్తుగా గుండె లయ తప్పే ప్రమాదం ఉందని హైదరాబాద్‌లో ఐసీడీ పెట్టారు. లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే మెషీన్ అది, ఛాతీలో చర్మం కింద చిన్న సబ్బుబిళ్లంత ఉంటుంది. ఈ మూడేళ్లలో అది ఒక్కసారి కూడా పనిచేయాల్సిన అవసరం రాలేదు. నిజం చెప్పాలంటే, అది ఉందన్న సంగతే మేం మర్చిపోయాం.

వానలు పడ్డాక మా ఇంట్లో వరసగా జ్వరాలు వచ్చాయి. ముందు పిల్లలకు, తర్వాత నాకు, చివరికి తమ్ముడికి. డెంగీ టెస్టు నెగెటివ్ వచ్చింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో వైరల్ ఫీవరే అని చెప్పి ఒళ్లు నొప్పులకు సూది వేశారు, గ్లూకోజు ఎక్కించారు, అజిత్రోమైసిన్, వాంతులకు గోలీలు ఇచ్చారు. గుండె జబ్బు ఉందని మేం చెప్పాం. పాత చిట్టీ మాత్రం చూపించలేదు, వాళ్లూ అడగలేదు. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. కడుపులో ఏమీ నిలవడం లేదని వాడు గుండె గోలీలన్నీ నాలుగు రోజులు ఆపేశాడు. నీళ్లు పోవడానికి ఇచ్చే గోలీ ఒక్కటి మాత్రం వేసుకున్నాడు, కాళ్లు వాస్తాయేమోనన్న భయంతో.

జ్వరం తగ్గింది, అన్నం తిన్నాడు, హమ్మయ్య అనుకున్నాం. తగ్గిన నాలుగో రోజు పొద్దుగాల పొలం దగ్గర కళ్లు తిరుగుతున్నాయన్నాడు. నీరసం అనుకున్నాం. ఆ రాత్రి ఒంటిగంటన్నరకు కేక వేసి లేచి కూర్చున్నాడు. ఛాతీలో ఏదో పేలినట్టుందన్నాడు. పది నిమిషాల్లో మళ్లీ. అంబులెన్స్ వచ్చేలోగా మూడోసారి, దారిలో నాలుగోసారి. మా అవ్వ వాడి కాళ్లు పట్టుకొని కూర్చుంది, వదల్లేదు.

హన్మకొండలో చేర్చాక పొటాషియం 2.8 ఉందన్నారు. మెగ్నీషియం కూడా తక్కువే. ఈఎఫ్ 22కి పడిపోయింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కొంచెం ఎక్కువ ఉంది కాబట్టి వైరస్ గుండె కండరాన్ని కూడా తాకి ఉంటుందన్నారు. మెషీన్ చదివితే నాలుగుసార్లూ నిమిషానికి 210కి పైగా వేగంతో కింది గదుల నుంచి లయ తప్పిందని తేలింది. అది లేకపోతే ఆ రాత్రే వాడు మాకు దక్కేవాడు కాదు.

మాకు ఎవరూ ముందుగా చెప్పని మాట ఒకటే. ఈ జబ్బున్నవాళ్లకు మామూలు జ్వరం మామూలుది కాదు. ఇదే జబ్బుతో ఉన్నవాళ్లు, మెడికల్ లైన్‌లో ఉన్నవాళ్లు మీకు తెలిసింది రాయండి. నేను రాసి పెట్టుకుంటాను.

పరకాల పత్తిచేను
మంగళవారం, రాత్రి 10:58

చెల్లె, చదువుతుంటే నా ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను. నాకూ ఐసీడీ ఉంది, ఆరేళ్లయింది. ఒక్కసారే కొట్టింది. చేలో కలుపు తీయిస్తుండగా, ఎద్దు కుమ్మినట్టు వెనక్కి పడ్డాను. ఆ తర్వాత రెండు నెలలు చేనుకు పోలేదు. పోతే మళ్లీ కొడుతుందని భయం. నొప్పి ఒక్క క్షణమే, భయం మాత్రం పోదు. తమ్ముడు రాత్రిళ్లు నిద్రపోవడానికి భయపడుతుంటే మందలించకండి, పక్కన పడుకోండి.

నాకు డాక్టర్ చెప్పింది ఇది. ఒక్క షాక్ వచ్చి, ఆ తర్వాత మనిషి బాగానే ఉంటే అదే రోజు ఫోన్ చేసి మెషీన్ చూపించుకోవాలి. రెండోది వచ్చినా, లేదా ఒక్కటే వచ్చి ఛాతీ నొప్పి, దమ్ము, సోయి తప్పడం ఉన్నా క్షణం ఆగకుండా 108కి చేయాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. మీరు ఆ రాత్రే తీసుకుపోయారు, మంచి పని చేశారు.

ఇంకోటి అవ్వకు చెప్పండి. షాక్ వచ్చేటప్పుడు తమ్ముడిని పట్టుకున్నా మనకేం కాదు. కొంచెం జిల్లుమంటుంది అంతే.

సిస్టర్ హన్మకొండ
బుధవారం, ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. గుండె ఐసీయూలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. 24 గంటల్లో ఇలాంటి ప్రమాదకరమైన లయలు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వస్తే దాన్ని ఎలక్ట్రికల్ స్టార్మ్ అంటాం. అక్కా, మీ తమ్ముడికి వచ్చింది అదే. అది దాటి ఇంటికి వచ్చాడంటే పెద్ద గండం గడిచినట్టే.

వైరస్‌కూ గుండె లయకూ ఏం సంబంధమని చాలామంది అడుగుతారు. కాక్సాకీ బి, ఎడినో, పార్వో బి19, ఫ్లూ, కోవిడ్, మన దగ్గర డెంగీ కూడా గుండె కండరాన్ని తాకగలవు. జ్వరం వచ్చిన ప్రతి ఒక్కరికీ కాదు, చాలామందికి గుండె జోలికే రావు. తాకినప్పుడు మాత్రం నష్టం రెండు విధాలుగా జరుగుతుంది. కొన్ని వైరస్‌లు కణం లోపలికి పోయి నేరుగా దెబ్బతీస్తాయి. కాక్సాకీ దగ్గర కత్తెరలాంటి ఎంజైమ్ ఒకటి ఉంటుంది. కండర కణానికి లోపలి నుంచి ఆసరాగా నిలబడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్‌ను అది కోసేస్తుందని 1999లోనే కనుక్కున్నారు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ ప్రోటీన్ ఉండదు. ఆ పిల్లలకు కాళ్ల కండరాలతో పాటు గుండె కండరమూ పాడవుతుంది. అదే ప్రోటీన్‌ను వైరస్ కొద్ది రోజుల్లో తెంపేస్తే ఏమవుతుందో ఊహించండి. రెండోది, వైరస్‌ను చంపడానికి వచ్చిన మన రోగనిరోధక కణాలే కండరాన్ని వాపెక్కిస్తాయి. జ్వరం తగ్గాక కూడా ఆ వాపు కొన్ని వారాలు ఉండవచ్చు. జ్వరం తగ్గిన నాలుగో రోజు గండం ఎందుకు వచ్చిందంటే ఇదొక కారణం కావచ్చు.

ఇక లయ సంగతి. వాగులో నీళ్లు పోతుంటే బండరాయి దగ్గర సుడి తిరగడం చూశారు కదా. గుండెలో కరెంటు కూడా పైనుంచి కిందికి ఒక వరసలో పారుతుంది. కండరం చచ్చిపోయి మచ్చ కట్టిన చోట అది నేరుగా పోలేదు, చుట్టూ తిరిగి వస్తుంది. ఒక్కోసారి అక్కడే సుడి పడుతుంది. ఆ సుడి నిమిషానికి 200 సార్లు తిరిగితే గుండె కూడా 200 సార్లు కొట్టుకుంటుంది. అంత వేగంలో గదులు నిండవు, రక్తం ముందుకు పోదు. దాన్ని వెంట్రిక్యులర్ టాకీకార్డియా అంటాం. అది ఇంకా చెదిరి గుండె వణకడం మొదలైతే ఫిబ్రిలేషన్. అప్పుడు నిమిషాల్లో ప్రాణం పోతుంది.

మీ తమ్ముడి గుండెలో ఆ బండరాళ్లు జ్వరానికి ముందే ఉండి ఉంటాయి. జ్వరం వచ్చి వాగుకు వరద తెచ్చింది. ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె వేగం నిమిషానికి సుమారు 10 పెరుగుతుంది. ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. పైన వాపు, కింద పొటాషియం తక్కువ. అన్నీ ఒకే వారంలో కలిశాయి.

ఇంటివాళ్లకు నేను చేతులు పట్టుకొని చెప్పే మాట ఒకటుంది. స్టార్మ్‌లో ఉన్న మనిషి ముందు గట్టిగా ఏడవకండి. భయంతో అడ్రినలిన్ పెరుగుతుంది, అది మళ్లీ లయను చెడగొడుతుంది. అందుకే మేం వాళ్లకు మత్తు మందు ఇచ్చి కూడా నిద్రపుచ్చుతాం.

నర్సంపేట అక్క
బుధవారం, ఉదయం 8:05

సిస్టర్, ఇంత విడమర్చి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీరు నైట్ డ్యూటీ చేసి వచ్చి ఇంత రాశారు, మీ రుణం తీర్చుకోలేను. ఒకటి అడుగుతాను. క్లినిక్‌లో ఇచ్చిన గోలీల వల్లే ఇలా అయిందా? మా బావ అక్కడికి పోయి గొడవ పెడతానంటున్నాడు.

మందుల చిట్టీ
బుధవారం, ఉదయం 11:40

కరీంనగర్‌లో 22 ఏళ్లుగా మందుల షాపులో ఫార్మసిస్టుగా ఉన్నాను. ఒక్క గోలీ మీద నేరం మోపలేం అక్కా. మీరు రాసినదాంట్లో నాలుగైదు కారణాలు కలిసి ఉన్నాయి. అయితే ఆ గోలీల గురించి తెలుసుకోవాల్సింది నిజంగానే ఉంది.

గుండె ఒక్కసారి కొట్టుకున్నాక మళ్లీ చార్జ్ కావడానికి పట్టే సమయాన్ని ఈసీజీలో క్యూటీ అంటారు. అది బాగా సాగితే ప్రమాదకరమైన లయ పుట్టవచ్చు. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, వాంతులకు వాడే ఆండాన్‌సెట్రాన్, డాంపెరిడోన్, ఫంగస్‌కు వాడే ఫ్లుకొనజోల్ క్యూటీని పెంచగలవు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు లక్షల మంది వీటిని వాడుతున్నారు, ఏమీ కాదు. కానీ గుండె కండరం బలహీనంగా ఉండి, వాంతులు విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం పడిపోయి, ఇలాంటివి రెండు ఒకేసారి పడితే లెక్క మారుతుంది. గుండెకు అమియోడరోన్ ఇప్పటికే వాడుతున్నవాళ్లు మరీ పైలంగా ఉండాలి, అది కూడా క్యూటీని పెంచే మందే. ఇంకో మాట. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, వైరల్ జ్వరాన్ని తగ్గించదు. జ్వరం అనగానే షాపుకు వచ్చి మూడు రోజుల కోర్సు ఇవ్వమని అడిగేవాళ్లను రోజూ చూస్తాను. నాకు బాధగా ఉంటుంది.

ఒళ్లు నొప్పుల సూది చాలావరకు డైక్లోఫెనాక్ అయి ఉంటుంది. గుండె బలహీనత ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. ఒంట్లో నీరు, ఉప్పు నిలుపుతుంది, కిడ్నీ మీద భారం వేస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు, అది కూడా డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ముక్కు దిబ్బడకు ఇచ్చే జలుబు గోలీల్లో ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఉంటాయి, వాటికి కూడా దూరంగా ఉండాలి.

ఇక మీ తమ్ముడు ఆపేసిన వాటిలో బీటా బ్లాకర్ ఉండే ఉంటుంది. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్, ఏదో ఒకటి. లయను కాపలా కాసేది అదే. రోజూ వేసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆపితే గుండె మీద అడ్రినలిన్ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. వాంతి అవుతోందంటే డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలి, మనంతట మనం ఆపొద్దు. మీ ఇంట్లో సరిగ్గా తిరగబడింది. ఉండాల్సిన గోలీ ఆగింది, ఒళ్లు ఎండిపోయినప్పుడు ఆపాలా అని అడగాల్సిన నీళ్ల గోలీ నడిచింది. ఆ నీళ్ల గోలీ పొటాషియాన్ని ఇంకా బయటికి తోసింది.

బావను ఆపండి. ఆ క్లినిక్ డాక్టర్‌కు ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. రేపు ఇంకో గుండె పేషెంట్ అక్కడికి పోతే చిట్టీ అడుగుతారు.

పరకాల పత్తిచేను
బుధవారం, మధ్యాహ్నం 1:15

సార్, నాకు ఎప్పటి నుంచో ఉన్న అనుమానం. రోజుకు లీటరున్నర కంటే నీళ్లు తాగొద్దు, ఉప్పు తగ్గించు అని చెప్పారు. మరి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ తాగాలా వద్దా? పోయిన ఏడు నాకు అదే వచ్చింది, తాగితే భయం, తాగకపోతే భయం. కొబ్బరి నీళ్లు తాగమని పక్కింటివాళ్లు అన్నారు.

మందుల చిట్టీ
బుధవారం, మధ్యాహ్నం 2:02

అన్నా, మంచి ప్రశ్న. దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. నీళ్ల హద్దు పెట్టింది మామూలు రోజుల కోసం. ఒంట్లోంచి నీళ్లు పోతున్నప్పుడు ఆ హద్దు మారాలి, ఎంత మారాలో మీ డాక్టర్ చెప్పాలి. అందుకే ఇంట్లో తూకం మిషన్ పెట్టుకోండి. రోజూ పొద్దుగాల మూత్రానికి పోయి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. ఫోన్‌లో డాక్టర్‌తో ‘రెండు రోజుల్లో రెండు కిలోలు తగ్గాను’ అన్నారనుకోండి, ఆయనకు వెంటనే అర్థమవుతుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా అంతే, నీరు చేరుతోందని అర్థం.

కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది. మీకు పొటాషియాన్ని ఒంట్లో నిలిపే స్పైరోనోలాక్టోన్ గోలీ నడుస్తూ, కిడ్నీ కొంచెం తగ్గి ఉంటే పొటాషియం ఎక్కువైపోతుంది. తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే, రెండూ గుండె లయనే కొడతాయి. రక్త పరీక్ష చేయిస్తే అదే రోజు తెలిసిపోతుంది. అది చూశాకే కొబ్బరి బోండాం.

భూపాలపల్లి బొగ్గుబాయి
బుధవారం, రాత్రి 9:30

అందరూ వైరస్ వైరస్ అంటున్నారు. కోవిడ్ టీకా వేసుకున్నాకే కదా పిల్లలు ఇలా పడిపోతున్నది? మా బాయిలో నాతో పనిచేసే దోస్తు, 38 ఏళ్లు, షిఫ్ట్ దిగి స్నానం చేస్తూ పోయాడు. అంతకుముందు ఒక్క రోజు సుస్తీ లేదు. టీకా సంగతి ఎవరూ మాట్లాడరేం?

సిస్టర్ హన్మకొండ
గురువారం, ఉదయం 7:10

అన్నా, మీ దోస్తు గురించి చదివి చాలా బాధేసింది. మీరు అడిగినదాంట్లో తప్పు లేదు, దాచాల్సింది కూడా ఏమీ లేదు.

ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకాల (ఫైజర్, మోడర్నా లాంటివి) తర్వాత, ఎక్కువగా కుర్ర మగపిల్లల్లో రెండో డోసు తర్వాత, గుండె కండరానికి వాపు రావడం నిజమే. అరుదుగా వచ్చేది, చాలామందికి తగ్గిపోయింది. కానీ మన దగ్గర దాదాపు అందరూ వేసుకున్నది కోవిషీల్డ్, కోవాగ్జిన్. అవి ఆ రకం కాదు. కోవిషీల్డ్‌తో అరుదుగా వచ్చిన సమస్య రక్తం గడ్డకట్టడం, అది వేరే సంగతి. కోవిడ్ జబ్బు వల్ల గుండె కండరం వాచే అవకాశమే టీకా కన్నా ఎక్కువ.

18 నుంచి 45 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయినవాళ్ల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశంలో 47 ఆసుపత్రుల్లో పరిశీలన చేసింది. 2023లో ఫలితం వచ్చింది. టీకా వల్ల ఆ ప్రమాదం పెరగలేదు. పెంచినవి వేరే. ఇంట్లో ఇలా హఠాత్తుగా పోయినవాళ్లు ఉండటం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా మద్యం తాగడం, అదే 48 గంటల్లో విపరీతమైన శారీరక శ్రమ. నేను రోజూ చూసేదానికి ఇది సరిపోతుంది.

ఐసీడీ ఉన్నవాళ్లు, ఈఎఫ్ తక్కువ ఉన్నవాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి. మనం ఇక్కడ రాసినవన్నీ జ్వరం వచ్చాక పడే పాట్లు. ఆ టీకా కనీసం ఒక జ్వరాన్నయినా ఆపుతుంది.

భూపాలపల్లి బొగ్గుబాయి
గురువారం, ఉదయం 9:48

సిస్టర్, కోపం లేకుండా చెప్పారు, థాంక్స్. మీరు ఇంట్లో హఠాత్తుగా పోయినవాళ్లు అన్నాక గుర్తొచ్చింది. మా దోస్తు వాళ్ల బాపు కూడా నలభై దాటకముందే పొలం గట్టు మీద పడి పోయాడని వాడే చెప్పేవాడు. వాడికి ఇద్దరు పిల్లలు. ఏమైనా చేయించాలా?

జగిత్యాల టీచరమ్మ
గురువారం, మధ్యాహ్నం 12:26

చేయించాలి అన్నా, ఈ వారమే చేయించండి. ఇద్దరు పిల్లలకు, మీ దోస్తు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీయించండి. ఇప్పుడు నార్మల్ వచ్చినా వదిలేయొద్దు, కొన్నేళ్లకోసారి మళ్లీ చూపించాలి, కొన్ని జబ్బులు వయసు పెరిగాక బయటపడతాయి.

ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తున్నాను. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతిలో ఆటల పీరియడ్‌లో పడిపోయాడు. చేతులు కొట్టుకున్నాడు, అర నిమిషంలో లేచాడు. ఫిట్స్ అన్నారు. రెండేళ్లు ఫిట్స్ గోలీలు మింగించాం. మధ్యలో గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించాం. రెండుసార్లు మళ్లీ పడ్డాడు. ఒకసారి పరుగెత్తుతూ, ఇంకోసారి జలుబు జ్వరంలో. ఒక్కరు కూడా ఈసీజీ తీయలేదు, మాకూ అడగాలని తెలియలేదు. చివరికి ఇంకో డాక్టర్ దగ్గర తీస్తే గుండె కండరం దళసరిగా ఉండే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని తేలింది. లయ తప్పి మెదడుకు రక్తం అందకపోయినా చేతులు కాళ్లు కొట్టుకుంటాయి, చూస్తే అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. వాడిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఐసీడీ ఉంది. ఆ రెండేళ్లు తల్చుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. పడిపోయిన పిల్లలందరికీ ఒక్క ఈసీజీ తీయండి, అంతకన్నా నేను ఏం అడగను.

ఈ జబ్బు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంటారు, అంత అరుదేమీ కాదు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు దక్షిణాసియా వాళ్లలో దాదాపు 4 శాతం మందికి ఉందట. అది ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు, వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. మా ఇంట్లో జరిగినదానికి కారణం అదేనా కాదా అన్నది వేరే మాట. గుండె ఒక్కరిదైనా జబ్బు ఇంటిది కావచ్చని మాత్రం నాకు అప్పుడు అర్థమైంది. అక్కా, మీ తమ్ముడికి ఉన్న రకంలో కూడా కొన్ని కుటుంబాల్లో వస్తుంది. మీరు ఎకో తీయించుకున్నారా?

నర్సంపేట అక్క
గురువారం, మధ్యాహ్నం 1:03

లేదు టీచరమ్మ. నా గురించి అసలు ఆలోచించలేదు. రేపే పోతాను.

మహబూబాబాద్ అమ్మ
గురువారం, రాత్రి 8:15

నాకు రాయడం అంతగా రాదు, తప్పులుంటే మన్నించండి. మా అబ్బాయికి 22. కానిస్టేబుల్ సెలక్షన్స్ కోసం రోజూ పొద్దున 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తాడు. నెల కింద జ్వరం, గొంతు నొప్పి వచ్చింది. జ్వరం ఉండగానే రెండు రోజులు పరుగెత్తాడు. తర్వాత ఛాతీలో నొప్పి, గుండె దడ, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు. ట్రోపోనిన్ ఎక్కువ ఉందని చేర్చుకున్నారు, గుండె కండరానికి వాపు అన్నారు. ఈఎఫ్ 50 ఉంది. ఇప్పుడు నొప్పి లేదు. కానీ ఆరు నెలల దాకా పరుగెత్తొద్దన్నారు. వాడు ఒప్పుకోవడం లేదు. వాళ్ల నాన్న కూడా బాగానే ఉన్నాడు కదా అంటున్నారు. ఏం చేయాలి?

ఎకో రూమ్
గురువారం, రాత్రి 9:50

అమ్మా, నేను ఎకో, హోల్టర్ (రోజంతా గుండె లయను రాసే పరీక్ష) చేసే టెక్నీషియన్‌ని. దయచేసి మీ అబ్బాయికి ఈ పోస్టు చూపించండి.

తమ్ముడూ, నొప్పి పోయిందంటే వాపు పోయిందని కాదు. వాచిన కండరం మీద పరుగు పెడితే అదే సమయంలో లయ తప్పే ప్రమాదం ఎక్కువ. వాపు ఉన్నప్పుడు కష్టపెడితే తర్వాత మిగిలే మచ్చ కూడా పెద్దది కావచ్చు. 3 నుంచి 6 నెలలు పోటీ స్థాయి శ్రమ వద్దని చెప్పేది అందుకే. మీ వయసువాళ్లు చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మళ్లీ మైదానంలోకి పంపే ముందు ట్రోపోనిన్ మామూలుకు వచ్చిందా, ఎకో బాగుందా, 24 గంటల హోల్టర్‌లో, ట్రెడ్‌మిల్ మీద చెడు లయలు లేవా అని చూస్తారు. కార్డియాక్ ఎంఆర్ఐ తీస్తే మచ్చ ఎంత ఉందో తెలుస్తుంది. ఎకోలో నార్మల్‌గా కనిపించిన గుండెలో కూడా ఎంఆర్ఐలో మచ్చ కనపడవచ్చు. సెలక్షన్స్ మళ్లీ వస్తాయి నాన్నా. హన్మకొండ స్టేడియంలో పొద్దున ఎంతమంది మీలాగే ప్రాక్టీస్ చేస్తారో నాకు తెలుసు. జ్వరంతో పరుగెత్తొద్దని వాళ్లందరికీ నీ నోటితోనే చెప్పు, నీ మాటైతే వింటారు.

ఇంకో సంగతి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే గుండె కండరం వాపు వచ్చి ఉంటే, లేదా మీకే మళ్లీ మళ్లీ వస్తే వైరస్ అనుకొని వదిలేయకండి. డెస్మోప్లాకిన్ అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకు అచ్చం ఈ వాపులాగే దఫదఫాలుగా వస్తుంది. అది లయ తప్పించే గుండె కండరం జబ్బు, అరిథ్మోజెనిక్ కార్డియోమయోపతి అంటారు. ఆ జబ్బులో కఠిన వ్యాయామమే నష్టాన్ని పెంచుతుంది.

నర్సంపేట అక్కా, మీకూ ఒకటి చెప్పాలి. ఐసీడీ ఇచ్చే ప్రతి షాకూ నిజమైన ప్రమాదానికే అని అనుకోవద్దు. జ్వరంలో గుండె మామూలుగానే వేగంగా కొట్టుకున్నా, పై గదుల లయ చెడినా మెషీన్ ఒక్కోసారి పొరబడి షాక్ ఇస్తుంది. అందుకే ప్రతిసారీ మెషీన్ చదివించాలి. చాలాసార్లు అది ముందు నొప్పి తెలియకుండా వేగంగా పేసింగ్ (చిన్న చిన్న కరెంటు తట్లు) ఇచ్చి లయను సరిచేస్తుంది, అది పని చేయకపోతేనే షాక్. మీ తమ్ముడు పొలం దగ్గర కళ్లు తిరిగాయన్నాడే, అది ఆ పేసింగ్ నడిచిన సమయమేమో రిపోర్టులో చూపించమనండి.

కాజీపేట లోకో
శుక్రవారం, ఉదయం 6:45

రైల్వేలో సీపీఆర్ ట్రైనింగ్ ఇచ్చారు, అందుకే ఈ ఒక్క ముక్క. ఐసీడీ లేనివాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా లేకపోతే నాడి వెతుకుతూ టైమ్ పోగొట్టుకోవద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు, అలసిపోతే పక్కవాళ్లకు ఇవ్వాలి. షాక్ ఇవ్వడం ఆలస్యమైన ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని మాకు చెప్పారు. నొక్కుతూ ఉంటే ఆ తగ్గడం నెమ్మదిస్తుంది. ముఖం మీద నీళ్లు చల్లడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, చేతిలో ఇనుప ముక్క పెట్టడం, వీటితో విలువైన నిమిషాలు పోతాయి. ఐసీడీ ఉన్నా సరే, పలకకపోతే నొక్కాల్సిందే.

నర్సంపేట అక్క
ఆదివారం, సాయంత్రం 5:20

నా ఎకో నార్మల్ వచ్చింది. చిన్న తమ్ముడిది ఈఎఫ్ 48. వాడికి ఏ బాధా లేదు, అయినా మందులు మొదలుపెట్టారు. టీచరమ్మ, మీరు అడగకపోతే మేం తీయించేవాళ్లం కాదు.

ఎకో రూమ్ గారూ, మీరు చెప్పినట్టు రిపోర్టు అడిగాను. ఆ రోజు పొద్దున 9:40కి లయ తప్పింది, మెషీన్ పేసింగ్‌తోనే సరిచేసింది. మేం నీరసం అనుకున్నది అదే.

మీరంతా చెప్పింది ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించాను. గుండె డాక్టర్ నంబరు, వాడే మందుల పేర్లు, జ్వరం వస్తే మొదటి రోజే ఫోన్, వాంతులు మొదలైతే అదే రోజు పొటాషియం పరీక్ష, ఏ చిట్టీ రాసినా ముందు ఈ కాగితం చూపించాలి, కళ్లు తిరిగితే నీరసం అనుకోవద్దు. ఒక కాపీ వాడి పర్సులో పెట్టాను. బావ గొడవకు పోలేదు, నేనే ఆ క్లినిక్‌కు పోయి ఇంకో కాపీ ఇచ్చి వచ్చాను. డాక్టర్ గారు చదివి, కూర్చోబెట్టి, తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగారు.

వాడు ఈ పేజీ అంతా చదివాడు. వాడే ఏదో రాస్తానంటున్నాడు.

నర్సంపేట తమ్ముడు
ఆదివారం, రాత్రి 9:02

నమస్తే. నా కోసం ఇంతమంది రాశారని చదివి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఒంట్లో బాగుంది. రాత్రి లైటు ఆర్పితే మాత్రం గుండె దడ మొదలవుతుంది, అది మెషీనా, భయమా తెలియదు. ఒంటిగంటన్నరకు రోజూ మెలకువ వస్తుంది. పరకాల అన్నా, నువ్వు మళ్లీ చేనుకు ఎలా పోగలిగావు?

పరకాల పత్తిచేను
ఆదివారం, రాత్రి 9:31

మొదటి రోజు గట్టు దాకా పోయి తిరిగొచ్చాను తమ్మీ. రెండో రోజు మా ఆవిడ వెంట వచ్చింది, రెండు సాళ్లు నడిచాం. మెషీన్ చూసే డాక్టర్‌కు భయం సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు, ఇలా చాలామందికి అవుతుందని చెప్పి మాట్లాడటానికి ఒకరి దగ్గరికి పంపించారు. నాలుగుసార్లు పోయాను, నిద్ర పట్టింది.

వచ్చే నెల నాకు హైదరాబాద్‌లో మెషీన్ చెకప్ ఉంది. నీదెప్పుడో చెప్పు, డేట్ కలిపి అడుగుదాం. కాజీపేటలో పొద్దుగాల బండి ఎక్కితే మాపటికి వచ్చేయొచ్చు. ఒంటిగంటన్నరకు మెలకువ వస్తే ఫోన్ చెయ్యి, నేను నీళ్లు పెట్టడానికి లేచే ఉంటాను.

నర్సంపేట తమ్ముడు
సోమవారం, తెల్లవారుజామున 1:44

అన్నా, నాది 14వ తేదీ. నీ నంబరు అక్క దగ్గర తీసుకుంటాను.